ఆ రెండు ప్రశ్నలు అడగండి: న్యాయమూర్తులకు, పోలీసు, జైళ్ల, ప్రొబేషన్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయమూర్తులకు, పోలీసు, జైళ్ల, ప్రొబేషన్ శాఖల అధికారులకు నమస్కారాలు.

జూద వ్యసనం వల్ల నేరంలోకి దిగి, అరెస్టయి, శిక్ష అనుభవించి, విడుదలై, ఆ వ్యసనం అలాగే ఉండడంతో మళ్లీ అదే కోర్టు మెట్లెక్కుతున్న మనుషుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను పదకొండేళ్లుగా జైళ్లలో స్వచ్ఛందంగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇదే విషయమై సంబంధిత శాఖకు ఇప్పటికి రెండుసార్లు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది, రెండోదానికి అది కూడా రాలేదు. ఏ ఒక్క అధికారినో తప్పుపట్టాలని నాకు లేదు. ఇది ఒక శాఖ ఒంటరిగా తేల్చగల విషయం కాదని, పోలీసు స్టేషన్ నుంచి ప్రొబేషన్ కార్యాలయం దాకా అందరూ కలిసి పట్టించుకోవలసిన విషయమని ఈ మధ్యకాలంలో నాకు అర్థమైంది. అందుకే ఈసారి మీ అందరినీ ఉద్దేశించి, ప్రజలందరి ముందూ రాస్తున్నాను.

ముందు నా కళ్లతో చూసిన ఒక సంగతి చెప్పనివ్వండి. జైలుకు కొత్తగా వచ్చిన వారిని తొలిరోజు ఆరోగ్య పరీక్షకు కూర్చోబెడతారు. ఆ రోజు నేను అదే గదిలో ఒక మూల ఉన్నాను. నర్సు చేతిలో ఫారం పట్టుకుని వరసగా అడుగుతున్నారు. మద్యం తాగుతారా, ఎన్నాళ్లుగా, చివరిసారి ఎప్పుడు? పొగ తాగే అలవాటుందా? మత్తుమందులు? నిద్రమాత్రలు? ఎదురుగా కూర్చున్న నడివయసు మనిషి అన్నిటికీ లేదనే చెప్పాడు. ఫారంలోని గళ్లన్నీ అడ్డగీతలతో నిండిపోయాయి. ప్రశ్నలు అయిపోయాక కూడా ఆయన లేవలేదు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆ ఫారం వంకే చూస్తూ ఉండిపోయాడు. వెనక ఇంకా పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. నర్సు తర్వాతి పేరు పిలిచారు, ఆయన లేచి వెళ్లిపోయాడు. తాను పనిచేసే సంస్థ సొమ్ము వాడుకున్నాడని ఆయన మీద కేసు. ఆ సొమ్ములో ప్రతి పైసా ఫోన్లో ఆడిన పందేలకే పోయింది. ఈ మాట పోలీసుల కాగితాల్లో లేదు, కోర్టు రికార్డులో లేదు, జైలు ఫారంలోనూ లేదు. కొన్ని నెలల తర్వాత నా దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అన్న మాట ఇది: "ఆ రోజు అడుగుతారేమో, అడిగితే చెప్పేద్దామని కూర్చున్నానండీ. ఎవరూ అడగలేదు."

నేను ఈ లేఖలో కోరేది అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అరెస్టు నుంచి విడుదల దాకా మీ చేతుల మీదుగా నడిచే ప్రతి దశలోనూ జూదం గురించి అడగండి, వచ్చిన జవాబును బట్టి ఏదో ఒకటి చేయండి.

వాస్తవాలు మీ ముందు ఉంచుతాను. జూద వ్యసనాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథంలో 1980లోనే ఒక రుగ్మతగా నమోదు చేసింది. 2013లో వెలువడిన ఐదో కూర్పు, డీఎస్ఎం-5, దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాలున్న అధ్యాయంలోకే మార్చింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కూడా దీన్ని వ్యసన రుగ్మతల కిందే చూపుతోంది. పందెం మొత్తం పెంచుకుంటూ పోతే తప్ప తృప్తి కలగకపోవడం, మానేద్దామనుకుంటే చిరాకు, అస్థిమితం, పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ ఆడడం, ఇంట్లోవాళ్లకు అబద్ధాలు చెప్పడం, అప్పుల నుంచి బయటపడేయమని ఇతరుల మీద ఆధారపడడం వంటి తొమ్మిది లక్షణాల్లో కనీసం నాలుగు, పన్నెండు నెలల వ్యవధిలో కనిపిస్తే రుగ్మత ఉన్నట్టు వైద్యులు నిర్ణయిస్తారు.

ఇక్కడ మీరు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. అంతకుముందు కూర్పులో "జూదానికి డబ్బు కోసం చట్టవిరుద్ధమైన పనులు చేయడం" కూడా ఒక లక్షణంగా ఉండేది. మిగతా లక్షణాలతోనే నిర్ధారణ సరిపోతోందని 2013లో దాన్ని తీసేశారు. వైద్యుల వరకు అది సబబే. కానీ ఇప్పుడు వైద్యుడి పట్టికలో నేరం ఊసు లేదు, మీ పట్టికలో జూదం ఊసు లేదు. రెండిటి మధ్య నలుగుతున్న మనిషి ఏ కాగితంలోనూ కనిపించడం లేదు.

అలాంటివారు ఎంతమంది? కెనడాకు చెందిన పరిశోధకుడు రాబర్ట్ విలియమ్స్, ఆయన సహచరులు నేరస్తుల మీద అప్పటివరకు జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. నేరస్తుల్లో దాదాపు మూడోవంతు మందికి జూదం సమస్యగానో, తీవ్రమైన వ్యసనంగానో ఉందని తేలింది. మరే జనవర్గంలోనూ అంత ఎక్కువ నిష్పత్తి అంతవరకు నమోదు కాలేదని వారు రాశారు. జైల్లో ఉన్న ఇటువంటివారు చేసిన నేరాల్లో సుమారు సగం, వారు చెప్పినదాన్ని బట్టి, జూదానికి డబ్బు సమకూర్చుకోవడానికి చేసినవే. ఆ లెక్కలు ఫోన్లో పందేలు ఇంతగా వ్యాపించక ముందువని కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో పందెం కాయాలంటే మనిషి ఎక్కడికో ఒకచోటికి నడిచి వెళ్లాలి, ఆ చోటు రాత్రికి తలుపులు మూసేది. ఇప్పుడు అది దిండు కింద ఉంటుంది.

అడగకపోవడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టాన్ని నేను చూసిన మేరకు కింద రాస్తున్నాను.

1. కుటుంబాలు. మద్యం వాసన వస్తుంది, మత్తుమందు మొహంలో కనిపిస్తుంది. జూదానికి అటువంటి ఆనవాలు ఏదీ లేదు కనుక చాలా కుటుంబాలకు అసలు సంగతి అరెస్టు తర్వాతే తెలుస్తుంది. ములాఖత్ గది బయట ఒక ఇల్లాలు నాకు ఒక నోట్‌బుక్ చూపించింది. ఒక్కో పేజీకి ఒక్కో పేరు. భర్త ఎవరి దగ్గర ఎంత చేబదులు తీసుకున్నాడో, వాళ్లు ఇంటికి వచ్చి చెబుతుంటే ఆమె రాసుకుంటూ పోయింది. ఒక పేజీలో తన తమ్ముడి పేరుంది, ఇంకో దాంట్లో పిల్లల టీచరు పేరుంది. రెండు అప్పులకు తన సంతకమే ఉందని, ఏ కాగితమో చదవకుండా పెట్టానని చెప్పింది. "ఈయన దొంగ కాదండీ, నాకు తెలుసు. మరి ఇదంతా ఎట్లా చేశాడో నాకు తెలియడం లేదు" అంది. భర్తకు ఉన్నది ఒక రుగ్మత అని, దానికి చికిత్స ఉందని, ఆమెకు కూడా సలహా అందాలని ఆ మొత్తం ప్రక్రియలో ఒక్కరూ చెప్పలేదు. పైగా ఆయన జైలు ఖర్చులకని ప్రతి నెలా ఆమె పంపుతున్న డబ్బు లోపల మళ్లీ పందేలకే పోతోంది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో ఆ రోజు నాకు తోచలేదు. ఇప్పటికీ ఆ విషయంలో నాకు మనసు కుదుటపడలేదు.

2. నేరం వల్ల నష్టపోయినవారు. జూదం వెనకున్న నేరాల్లో ఎక్కువ భాగం దొంగతనాలు, నమ్మకద్రోహం, ఫోర్జరీ, నిధుల దుర్వినియోగం వంటివి. నష్టపోయేది చాలాసార్లు చిన్న యజమాని, సహోద్యోగి, స్నేహితుడు, ముసలి తల్లి. వారికి కావలసింది ముందుగా తమ డబ్బు. కోర్టు పరిహారం కట్టమంటుంది, గడువు పెడుతుంది, సరైన పనే. కానీ వ్యసనంలో ఉన్న మనిషికి పెద్ద మొత్తం, దగ్గర గడువు అనేవి ఏ ఆలోచన రేపుతాయో ఒక్కసారి చూడండి. ఇంత డబ్బు ఇంత త్వరగా వచ్చే దారి అతనికి ఒక్కటే కనిపిస్తుంది. పరిహారం కట్టడానికి దాచిన సొమ్మును, అది రెట్టింపు చేసి ఒకేసారి తీర్చేద్దామని పందెంలో పెట్టి పోగొట్టుకున్న ముగ్గురిని నేను స్వయంగా ఎరుగుదును. ఆ ముగ్గురూ మోసం చేయాలని అలా చేయలేదు. తీర్చాలనే ఆత్రంతోనే చేశారు. నష్టపోయినవారు రెండోసారి నష్టపోయారు.

3. జైలు లోపల. చాలా జైళ్లలో జూదం నిషిద్ధం, చాలా జైళ్లలో జూదం సాగుతోంది. పందెం డబ్బుతోనే ఉండనక్కర్లేదు. సబ్బు, ఫోన్ నిమిషాలు, తన వంతు భోజనం, పడుకునే చోటు, ఆఖరికి ఇంటినుంచి రాబోయే డబ్బు కూడా పందెంలో పెడతారు. ఓడినవాడు అప్పుపడతాడు. వారం తిరిగేసరికి అప్పు రెట్టింపవుతుంది. తీర్చలేనివాడు ఇంకొకరి నిషేధిత సరుకు దాచిపెట్టవలసి వస్తుంది, ఇంకొకరి పని చేయవలసి వస్తుంది, లేదా దెబ్బలు తినవలసి వస్తుంది. రిజిస్టరులో మాత్రం "ఖైదీల మధ్య ఘర్షణ" అని నమోదవుతుంది. కారణం లేకుండా బ్యారక్ మార్చమని అడిగే ఖైదీ, స్నానానికి కూడా బయటికి రాని ఖైదీ, తానే తప్పుచేసి ఒంటరి గదికి పంపించుకునే ఖైదీ తారసపడితే, దయచేసి అప్పుల సంగతి అడగండి. క్రమశిక్షణ సమస్యగా మీ ముందుకు వచ్చే వాటిలో ఎన్నిటికి మూలం అక్కడుందో మీకే తెలుస్తుంది.

4. ప్రాణాలు. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా రాయక తప్పదు. జూద రుగ్మత నిర్ధారణ అయిన రెండువేల పైచిలుకు మందిని జాతీయ రికార్డుల ద్వారా పరిశీలించిన స్వీడన్ అధ్యయనం 2018లో వెలువడింది. సాధారణ జనాభాతో పోలిస్తే వారిలో ఆత్మహత్య మరణాలు పదిహేను రెట్లు ఉన్నట్టు అది చూపింది. కస్టడీలోని తొలిరోజులు ఎవరికైనా ప్రమాదకరమైనవని మీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పులు, అవమానం, కుటుంబానికి అప్పుడే బయటపడిన అబద్ధాలు, వీటన్నిటితో ఒక మనిషి ఆ తొలి రాత్రి గడుపుతుంటే, అతని మీద ప్రత్యేక నిఘా అవసరమని చెప్పే గుర్తు ఏదీ మీ ఫారంలో లేదు.

5. విడుదల తర్వాత. జైల్లో కొన్ని నెలలు పందెం ఆడకుండా ఉన్నంత మాత్రాన వ్యసనం పోదు. జైలు గేటు దాటిన మనిషి చేతికి ముందుగా వచ్చేది ఫోన్. అందులో పాత యాప్‌లు, పాత ఖాతాలు, మళ్లీ రమ్మని పిలిచే సందేశాలు అలాగే ఉంటాయి. త్రుటిలో తప్పిన గెలుపు కూడా మెదడులో గెలుపుకు స్పందించే భాగాలనే కదిలిస్తుందని 2009లో పరిశోధకుడు లూక్ క్లార్క్ బృందం మెదడు స్కానింగ్‌ల ద్వారా చూపించింది. ఓడిపోతున్నా ఆట ఎందుకు ఆపలేరో అర్థం చేసుకోవడానికి ఇది కొంత తోడ్పడుతుంది. ఇంత బలంగా లాగే దాని ముందుకు ఏ సన్నద్ధతా లేకుండా ఒక మనిషిని వదిలి, తిరిగి వస్తే "మారలేదు" అని రాయడం న్యాయం కాదు.

6. సిబ్బంది. కోర్టుల్లో, స్టేషన్లలో, జైళ్లలో పనిచేసేవారు కూడా మనుషులే, వారిలోనూ ఈ వ్యసనం ఉన్నవారు ఉంటారు. అప్పుల్లో ఉన్న ఉద్యోగి మీద ఒత్తిడి తేవడం తేలిక. వారు శిక్ష భయం లేకుండా సహాయం అడిగే దారి ఉండాలి.

పై మాటలకు నాకు తరచుగా ఎదురయ్యే అభ్యంతరాలు రెండున్నాయి, వాటికి జవాబు చెప్పవలసిన బాధ్యత నామీదుంది. రోగం పేరు చెప్పి శిక్ష తప్పించుకుంటారన్నది మొదటిది. నేను శిక్ష తీసేయమని అడగడం లేదు. మద్యం మత్తులో వాహనం నడిపినవాడికి వ్యసనం ఉందని తెలిసినప్పుడు మీరు అతన్ని వదిలేయడం లేదు, శిక్షతోపాటు చికిత్స కూడా చూస్తున్నారు. అదే పద్ధతి ఇక్కడా పాటించమంటున్నాను. జూదం ఆడినవారందరూ వ్యసనపరులు కారు, వ్యసనం ఉన్న ప్రతివాడూ నేరం చేయడు, కనుక నేరానికీ జూదానికీ సంబంధం ఉందో లేదో కేసు కేసుకూ బ్యాంకు ఖాతాలు, ఫోన్ రికార్డులు చూసి తేల్చవలసిందే. దొంగ సాకు చెప్పేవాడికి ఆ ఖాతాలే అడ్డు నిలుస్తాయి. ఇన్ని వ్యసనాలకు చికిత్స ఇవ్వడానికే మనుషులు లేరన్నది రెండో అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను, మీ ఇబ్బందులు దగ్గరుండి చూసినవాణ్ణి. కానీ జూద వ్యసనం తరచుగా ఒంటరిగా ఉండదు. అమెరికాలో జరిగిన పెద్ద జాతీయ సర్వే ఆధారంగా 2005లో వెలువడిన విశ్లేషణ ప్రకారం తీవ్రమైన జూద వ్యసనం ఉన్నవారిలో 73 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి సంబంధించిన రుగ్మత కూడా ఉంది. మద్యం కోసం మీరు ఇప్పటికే నడుపుతున్న తరగతుల్లో వీరు కూర్చునే ఉన్నారు. ఒకదాన్ని మాన్పించి రెండోదాన్ని అడగకుండా వదిలేస్తే, మొదటిదాని మీద పెట్టిన శ్రమ కూడా వృథా అవుతుంది.

ఇది అసాధ్యమైన కోరిక కాదనడానికి నిదర్శనాలున్నాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, ఆమ్‌హర్స్ట్ పట్టణ న్యాయస్థానంలో న్యాయమూర్తి మార్క్ ఫారెల్ 2001లో జూద వ్యసనం ఉన్న నిందితుల కోసం ప్రత్యేక చికిత్సా కోర్టు మొదలుపెట్టారు. తన ముందుకు వస్తున్న కేసుల వెనక జూదం ఉందని ఒక న్యాయమూర్తి గమనించడం వల్లే అది సాధ్యమైంది. జూదమే ప్రధాన పరిశ్రమ అయిన నెవాడా రాష్ట్రం కూడా, అర్హత ఉన్న నిందితులను చికిత్సకు మళ్లించేలా 2009లో చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో హోవర్డ్ లీగ్ అనే జైలు సంస్కరణల సంస్థ, నేరానికీ జూదానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించడానికి 2019లో ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. జూదరుల పరస్పర సహాయ సంఘం గ్యాంబ్లర్స్ అనానిమస్ 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై ఎన్నో దేశాలకు విస్తరించింది. దాని సమావేశానికి కావలసింది ఒక గది, కొన్ని కుర్చీలు, ఒక గంట సమయం మాత్రమే. ఆలోచనా ధోరణిని సరిదిద్దే చికిత్స, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఈ రుగ్మతకు మేలు చేస్తుందని పరిశోధనలు చూపిస్తున్నాయి.

ఈ వాస్తవాల ఆధారంగా కింది చర్యలు వెంటనే తీసుకోవాలని డిమాండ్ చేస్తున్నాను.

1. పోలీసు కస్టడీలో, జైలు తొలిరోజు ఆరోగ్య పరీక్షలో, ప్రొబేషన్ తొలి సమావేశంలో రెండు ప్రశ్నలు తప్పనిసరి చేయాలి. ఇవి నేను కల్పించినవి కావు, 1997లో ప్రచురితమైన, ఎంతోమంది మీద పరీక్షించిన ప్రశ్నలే. మొదటిది, అంతకంతకూ ఎక్కువ డబ్బు పందెం కాయాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? రెండోది, ఎంత జూదం ఆడుతున్నారన్న విషయంలో మీకు ముఖ్యమైనవారికి ఎప్పుడైనా అబద్ధం చెప్పవలసి వచ్చిందా? ఒక్కదానికి అవునని చెప్పినా తొమ్మిది ప్రశ్నల పూర్తి పరీక్షకు పంపాలి. అడిగేవారి గొంతులో నేరం ఒప్పించే ధోరణి ఉండకూడదు. ఇచ్చిన జవాబును ఆ మనిషికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే నిజం చెప్పేవారు ఉండరు, అప్పుడు ప్రశ్నలు అడిగినా ఒకటే, అడగకపోయినా ఒకటే.

2. ఈ ప్రశ్నలతోపాటు వాడుతున్న మందుల సంగతి కూడా అడగాలి. పార్కిన్సన్స్ వ్యాధికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో, అంతకుముందు ఏనాడూ జూదం ఎరగనివారిలో కూడా, అదుపు లేని జూదాన్ని పుట్టించగలవు. మానసిక వ్యాధులకు వాడే అరిపిప్రజోల్ గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఇదే హెచ్చరిక చేసింది. డాక్టరు మోతాదు తగ్గిస్తే లేదా మందు మారిస్తే చాలామందిలో ఆ కోరిక తగ్గిపోతుంది. వయసు మళ్లాక తొలిసారి దొంగతనం కేసులో నిలబడిన మనిషి విషయంలో ఈ ఒక్క ప్రశ్న కేసు స్వరూపాన్నే మార్చవచ్చు.

3. శిక్ష ఖరారు చేసేముందు కోర్టుకు అందే నివేదికలో జూదం గురించి ఒక భాగం ఉండాలి. సొమ్ము ఎటు పోయిందన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండాలి.

4. పరిహారాన్ని ఒకేసారి పెద్ద మొత్తంగా కాకుండా, సంపాదనను బట్టి చిన్న వాయిదాలుగా విధించాలి. వీలైన చోట జీతం నుంచి నేరుగా నష్టపోయినవారికే చేరేలా, నిందితుడి చేతుల మీదుగా పోకుండా ఏర్పాటు చేయాలి. నష్టపోయినవారికి ఇదే ఎక్కువ మేలు.

5. బెయిల్, ప్రొబేషన్ షరతుల్లో, జూద సంస్థల నుంచి తమను తాము నిషేధించుకునే సదుపాయం ఉన్నచోట దాన్ని చేర్చాలి. డెన్మార్క్‌లో 2012 నుంచి, స్వీడన్‌లో 2019 నుంచి ఒక్కసారి నమోదు చేసుకుంటే లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూద సంస్థలన్నిటికీ వర్తించే జాతీయ రిజిస్టర్లున్నాయి. విడుదలయ్యే రోజు ఫోన్ చేతికిచ్చే ముందే, ఖైదీ సమ్మతితో, సిబ్బంది పక్కన కూర్చుని ఆ నమోదు పూర్తిచేయించాలి. పావుగంట కూడా పట్టదు.

6. జైల్లో జూదపు అప్పుల గురించి ఫిర్యాదు చేసిన ఖైదీని జూదం ఆడినందుకు శిక్షించకూడదు. శిక్ష పడుతుందంటే ఎవరూ నోరు విప్పరు, అప్పిచ్చినవాడి రాజ్యం నడుస్తుంది. వారానికి ఒకసారి పరస్పర సహాయ సమావేశానికి గది ఇవ్వాలి. బయటినుంచి కోలుకున్నవారు వచ్చి మాట్లాడడానికి అనుమతి ఇవ్వాలి. ములాఖత్‌కు వచ్చే కుటుంబ సభ్యులకు ఈ రుగ్మత గురించి, డబ్బు పంపే విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి తెలియజెప్పే ఒక్క కాగితమైనా అందించాలి.

7. స్త్రీల జైళ్లలో ఈ పనులన్నీ అంతే శ్రద్ధతో జరగాలి. ఆలస్యంగా మొదలుపెట్టి త్వరగా వ్యసనంలో కూరుకుపోవడం స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందని, ఇంటి బాధల నుంచి కాసేపు తప్పించుకోవడానికి ఆడేవారు వారిలో ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. అయినా వారిని అడిగేవారు ఇంకా తక్కువ.

8. ఎంతమందిని అడిగారు, ఎంతమంది అవునన్నారు, ఎంతమందికి చికిత్స అందింది అన్న మూడు అంకెలను, పేర్లు లేకుండా, ప్రతి ఏటా ప్రజలకు ప్రకటించాలి.

ఈ ఎనిమిదింటిలో మొదటిదానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు. నేను చూసిన ఆరోగ్య పరీక్ష ఫారంలో నిద్రమాత్రల ప్రశ్నకూ సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. రెండు ప్రశ్నలకు ఆ చోటు సరిపోతుంది. మిగతావాటికి వ్యవధి పడుతుందని నేను ఒప్పుకుంటాను. అయితే ఏది ఎప్పటికి చేస్తారో అరవై రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆ ప్రశ్నలను ఎలా అడగాలో మీ సిబ్బందికి నేర్పడానికి, పారితోషికం ఏమీ లేకుండా, మీరు పిలిచిన రోజున వస్తాను.

గడువు ముగిసిన మర్నాడు నేను మళ్లీ అదే ఆరోగ్య పరీక్ష గదికి వెళ్లి, నర్సు చేతిలోని ఫారం చూస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
జైళ్లలో కౌన్సెలింగ్ చేసే ఒక స్వచ్ఛంద కార్యకర్త